సారాభాయ్ చూడని టీవీ: అహ్మదాబాద్ లెక్క అండమాన్ చేరిన కథ

1971 డిసెంబర్ 30న కేరళలోని కోవళంలో విక్రమ్ సారాభాయ్ నిద్రలోనే కన్నుమూశారు. తుంబా రాకెట్ కేంద్రం పని మీద వచ్చి, సముద్రం ఒడ్డున ఒక అతిథి గృహంలో దిగారు. వయసు 52 ఏళ్లు. అప్పటికి దేశం మొత్తంలో ఉన్న టీవీ కేంద్రం ఒక్కటే, అదీ ఢిల్లీలో. బొంబాయి కేంద్రం మరుసటి ఏడాది అక్టోబర్‌లో మొదలైంది. కలకత్తా, మద్రాసు నగరాలు 1975 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే దేశంలోని ప్రతి ఊరికీ టీవీ చేరాలని, దానికి దారి ఆకాశంలోనే ఉందని అందరికంటే గట్టిగా వాదించిన మనిషి, ఢిల్లీ పొలిమేర దాటిన దూరదర్శన్‌ను చూడకుండానే వెళ్లిపోయారు.

ఆయన్ని భారత అంతరిక్ష పరిశోధనకు పితామహుడిగా అందరూ తలుచుకుంటారు. రాకెట్లు, చంద్రయాన్, ల్యాండర్‌కు పెట్టిన విక్రమ్ పేరు వెంటనే గుర్తొస్తాయి. ఇంట్లో మూల కూర్చున్న టీవీ పెట్టెతో ఆయనకున్న సంబంధం మాత్రం పెద్దగా చర్చకు రాదు. అది తెలియాలంటే దేశపటంలో కుడివైపు చివర, బంగాళాఖాతంలో చెల్లాచెదురుగా ఉన్న అండమాన్, నికోబార్ దీవుల వైపు చూడాలి. ఆయన వేసిన లెక్క ఎంత సరైనదో, ఎక్కడ తడబడిందో ఆ దీవులు చెప్పినంత స్పష్టంగా ఇంకే ప్రాంతమూ చెప్పదు.

మద్రాసు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు 1,200 కిలోమీటర్లకు పైనే. విశాఖ నుంచీ ఇంచుమించు అంతే. ఓడ ఎక్కితే రెండున్నర రోజుల ప్రయాణం. శ్రీకాకుళం తీరం నుంచి వేట కోసం, కూలి కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. టీవీ టవర్ నుంచి బయలుదేరిన తరంగం దాదాపు తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎంత ఎత్తు టవర్ కట్టినా వంద కిలోమీటర్ల తర్వాత సిగ్నల్ దొరకడం గగనం. నేల మీదైతే కొంత దూరానికో టవర్ నిలబెట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి అందించుకుంటూ పోవచ్చు. సముద్రంలో టవర్ ఎక్కడ పాతుతారు?

సారాభాయ్ ఆలోచన సరిగ్గా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆయన మనసులో ఉన్నది దీవులు కాదు, దేశం నడిబొడ్డున ఉన్న లక్షల పల్లెలు. రోడ్డు లేని ఊరైనా, నీళ్ల మధ్య ఉన్న దీవి అయినా రేడియో తరంగానికి కష్టం ఒకటే.

1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టిన విక్రమ్‌కు పేదరికం అంటే చూసి తెలుసుకోవాల్సిన విషయమే తప్ప అనుభవించినది కాదు. తండ్రి అంబాలాల్ సారాభాయ్ కాలికో మిల్లుల అధిపతి. తల్లి సరళాదేవి మాంటిస్సోరి పద్ధతి నచ్చి, పిల్లలను బయట బడికి పంపకుండా ఇంట్లోనే బడి పెట్టించారు. గాంధీ, టాగూర్ లాంటివాళ్లు వచ్చిపోయే ఇల్లు అది. అక్క మృదుల స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లింది. విక్రమ్ కేంబ్రిడ్జిలో చదువుతుండగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తిరిగొచ్చి బెంగళూరులో సి.వి. రామన్ దగ్గర విశ్వకిరణాల మీద పరిశోధన మొదలుపెట్టారు. 1942లో నర్తకి మృణాళినిని పెళ్లి చేసుకున్నారు. ఆజాద్ హింద్ ఫౌజ్‌లో మహిళల దళాన్ని నడిపిన కెప్టెన్ లక్ష్మి ఆమె సోదరి. అదే ఫౌజ్ నాయకుడు సుభాష్ చంద్రబోస్ 1943లో పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశారు. అది కూడా డిసెంబర్ 30నే. కాకతాళీయమే, కానీ ఈ తేదీ ఈ కథలో మళ్లీ వస్తుంది.

1947లో కేంబ్రిడ్జి డాక్టరేట్ పూర్తి చేసి వచ్చి, అదే ఏడాది నవంబర్‌లో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీని స్థాపించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఆయన మొదలుపెట్టిన సంస్థల జాబితా చూస్తే ఒక్క మనిషి పనేనా అనిపిస్తుంది. బట్టల మిల్లుల పరిశోధనకు అటీరా, మేనేజ్‌మెంట్ చదువుకు ఐఐఎం అహ్మదాబాద్, మృణాళినితో కలిసి దర్పణ నాట్య అకాడమీ. 1962లో అంతరిక్ష పరిశోధన కమిటీ, 1963 నవంబర్ 21న తుంబా నుంచి తొలి రాకెట్, 1969 ఆగస్టు 15న ఇస్రో. 1966 జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదంలో చనిపోతే అణుశక్తి కమిషన్ బాధ్యతలు కూడా ఆయన నెత్తినే పడ్డాయి. ఇన్ని పడవల మీద కాళ్లు పెట్టారన్న విమర్శ ఆయన బతికుండగానే ఉండేది. అందులో కొంత నిజం లేకపోలేదు.

అయితే అణుశక్తి కుర్చీ వల్ల టీవీకి ఒక మేలు జరిగింది. 1967 జనవరి 26న ఢిల్లీ కేంద్రం నుంచి కృషి దర్శన్ మొదలైంది. ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్లలో ఊరికో టీవీ పెట్టి, రైతులను దాని ముందు కూర్చోబెట్టి, విత్తనాల గురించి, ఎరువుల గురించి చెప్పారు. ఈ ప్రయోగం వెనుక ఆకాశవాణితో పాటు అణుశక్తి శాఖ కూడా ఉంది. అణుశక్తి శాఖకు పొలంతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పల్లె జనం టీవీని చూస్తారా, చూసి దేన్నైనా పట్టించుకుంటారా అన్నది తేలకుండా ఉపగ్రహానికి డబ్బు అడగలేనని సారాభాయ్‌కు తెలుసు. అదే 1967లో అదే శాఖ కింద హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది. దాన్ని నిలబెట్టిన ఎ.ఎస్. రావు తెలుగువారు. ఒకప్పుడు తెలుగు ఇళ్లలో కనిపించిన ఈసీ టీవీ పుట్టిల్లు ఆ సంస్థే.

ఇక అసలు లెక్క. అప్పట్లో టీవీని విస్తరించే మామూలు పద్ధతి ఏమిటంటే, ముందు పెద్ద నగరాలకు కేంద్రాలు, తర్వాత చిన్న నగరాలకు, ఆ తర్వాత వీలైనప్పుడు పల్లెలకు. అలా పోతే పల్లె వంతు వచ్చేసరికి ఒక తరం గడిచిపోతుంది. సారాభాయ్ దాన్ని తలకిందులు చేశారు. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట నిలబడ్డట్టు కనిపించే ఉపగ్రహం ఉంటే, అక్కడి నుంచి చూసినప్పుడు ఢిల్లీకీ ఆదిలాబాద్‌కూ తేడా ఉండదు. దూరం పెరిగేకొద్దీ ఖర్చు పెరగడం అనేది నేల మీది నియమం. ఉపగ్రహానికి అది వర్తించదు. ఇంకో మాట, ఆ కిరణం పడే మేరలో వెయ్యిమంది చూసినా కోటిమంది చూసినా పైనుంచి పంపే ఖర్చు ఒకటే. కాబట్టి చివరన ఉన్నవాడికి చివర్లోనే అందాలన్న రూలేమీ లేదని ఆయన వాదన. పేద దేశానికి అంతరిక్షం ఎందుకన్నవాళ్లకు ఆయన ఇచ్చిన జవాబు కూడా ఇదే.

1969 సెప్టెంబర్ 18న నాసాతో ఒప్పందం కుదిరింది. అమెరికా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు భారత్‌కు అరువిస్తుంది. కార్యక్రమాలు, నేల మీది పరికరాలు, ఊళ్లలో పెట్టె నడిపే పని భారత్‌వి. అదే సైట్ ప్రయోగం. ఒప్పందం మీద సంతకం పెట్టిన సారాభాయ్ ప్రయోగం చూడలేదు. ఆయన పోయిన మూడున్నరేళ్లకు, 1975 ఆగస్టు 1న అది మొదలైంది. యశ్‌పాల్, ఇ.వి. చిట్నిస్ లాంటివాళ్లు నడిపించారు. ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 ఊళ్లు, వాటిలో ఆంధ్రప్రదేశ్‌వీ ఉన్నాయి. హిందీ, ఒడియా, కన్నడతో పాటు తెలుగులో ప్రసారాలు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లోనే తయారయ్యాయి. ఊళ్లలో పెట్టిన టీవీలు ఈసీఐఎల్‌వి. డిష్ మూడు మీటర్ల వెడల్పు, కోళ్ల గూళ్లకు వాడే తరహా వైరు మెష్‌తో చేసింది. కరెంటు లేని ఊళ్లలో బ్యాటరీల మీద నడిపారు.

ఏడాది పూర్తవగానే, 1976 జులై 31న ఉపగ్రహం గడువు తీరింది. చాలా ఊళ్లలో టీవీ మూగబోయింది. ఈ ఘట్టాన్ని విజయగాథగా చెప్పుకునేటప్పుడు ఆ మర్నాటి సాయంత్రం గురించి ఎవరూ రాయరు. సైట్ నుంచి నిజంగా మిగిలింది అనుభవం. హైదరాబాద్‌కు 1977లో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. తెలుగు టీవీ చరిత్ర చాలామంది అనుకున్నట్టు నగరంలో మొదలవలేదు, పల్లె రచ్చబండ దగ్గర మొదలైంది.

సారాభాయ్ మరో నిర్ణయం అండమాన్‌ను నేరుగా ఈ కథలోకి లాగింది. పెద్ద రాకెట్లు ఎగరేయడానికి తూర్పు తీరం కావాలి. భూభ్రమణం తోడు రావాలంటే తూర్పుకే పంపాలి, దారిలో జనం ఉండకూడదు. ఆ వెతుకులాటలో నెల్లూరు జిల్లాలో పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దొరికింది. ఇప్పుడది తిరుపతి జిల్లాలో ఉంది. అక్కడి నుంచి తొలి చిన్న రాకెట్ 1971 అక్టోబర్‌లో లేచింది, ఆయన చనిపోవడానికి మూడు నెలల ముందు. ఆ దీవిలో తరతరాలుగా బతుకుతున్న యానాదులు చోటు ఖాళీ చేయాల్సి వచ్చిందన్న సంగతి కూడా ఈ జమాఖర్చులో ఉండాలి. తూర్పుకు వెళ్లే రాకెట్ శ్రీహరికోట కనుచూపు దాటాక దాన్ని పట్టుకోవడానికి ఇస్రో కేంద్రం ఒకటి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. టీవీ ప్రసారాల ఉపగ్రహాలను మోసుకుపోయే రాకెట్ల జాడ తీసేది ఆ దీవుల నుంచే.

ఆయన తర్వాత సతీష్ ధావన్ చేతుల మీదుగా ఇన్‌శాట్ వచ్చింది. 1982 ఏప్రిల్‌లో వెళ్లిన ఇన్‌శాట్-1ఏ ఆరు నెలలు కూడా నిలవలేదు. 1983 ఆగస్టు 30న అమెరికా షటిల్ చాలెంజర్ మోసుకెళ్లిన ఇన్‌శాట్-1బి నిలబడింది. ఊరూరా చిన్న ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. అవి ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమాన్ని పట్టుకుని చుట్టుపక్కల ఇళ్లకు చల్లుతాయి. ఢిల్లీలో వార్తలు చదువుతున్న క్షణంలోనే పోర్ట్ బ్లెయిర్‌లోనూ వినిపించడం ఉపగ్రహంతోనే సాధ్యమైంది. మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే కింద ఇంకొకరు చుక్కలు పోయాయా లేదా చెప్పడం అన్ని చోట్లా ఒకటే. అనలాగ్ సిగ్నల్ బలహీనపడ్డా పూర్తిగా చావదు. చుక్కల మధ్యా బొమ్మ కనపడుతుంది, గరగరల మధ్యా మాట వినపడుతుంది.

లెక్క గెలిచింది. ఆశయం సంగతే అనుమానం. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమంతో పాటు కలర్ టీవీ వచ్చింది, వెనుకే ఆసియా క్రీడలు. ఊరి మధ్య పెట్టె పోయి ఎవరి ఇంట్లో వాళ్ల పెట్టె వచ్చింది. 1984లో హమ్ లోగ్, 1987లో రామాయణం దేశాన్ని కట్టిపడేశాయి. రైతుకు అతని భాషలో, అతని పంట గురించి చెప్పాలన్న సైట్ ఉద్దేశం పక్కకు జరిగి, ఢిల్లీ హిందీ అందరికీ ఒకేలా చేరింది. దీవుల్లోని తెలుగు ఇంటికి ఆకాశం దగ్గరైంది కానీ తెలుగు దగ్గర కాలేదు. దానికి సారాభాయ్‌ని తప్పుపట్టలేం. అయితే ఒకే కిరణం దేశమంతా పరుచుకున్నప్పుడు అందులో ఎవరి మాట వెళ్తుందన్నది ఇంజినీర్లు తేల్చే విషయం కాదు, అధికారంలో ఉన్నవాళ్లు తేల్చేది. దాన్ని ఆయన తక్కువ అంచనా వేశారనిపిస్తుంది.

ఆ కొరత తీర్చింది ప్రైవేటు ఛానళ్లు. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. కేబుల్ ఆపరేటర్ పెద్ద డిష్ పెట్టి ఉపగ్రహం నుంచి పట్టి, వీధుల్లో వైరు లాగి ఇంటింటికీ ఇచ్చేవాడు. ఈ దశలోనే తెర వెనుక డిజిటల్ మార్పు మొదలైంది. అనలాగ్‌లో ఉపగ్రహంలోని ఒక ట్రాన్స్‌పాండర్ మామూలుగా ఒక్క ఛానల్‌కే సరిపోయేది. డిజిటల్‌లో బొమ్మను అంకెలుగా మార్చి, కదలని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపకుండా కుదిస్తారు. అప్పుడు అదే ట్రాన్స్‌పాండర్‌లో పది ఛానళ్లదాకా పడతాయి. ఒక భాషకే చోటున్న దగ్గర పది భాషలకు చోటు దొరికింది. సైట్ నాటికి ఈ వెసులుబాటు ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

2004 డిసెంబర్ 16న దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ ప్రారంభమైంది. చిన్న డిష్, ఒక బాక్స్ కొంటే చాలు, నెలవారీ చందా లేదు. ఊరి చివరి గుడిసెకైనా నేరుగా ఉపగ్రహం నుంచే బొమ్మ. సారాభాయ్ ఊహకు ఇంతకంటే దగ్గరగా వచ్చింది ఇంకొకటి లేదు. కానీ ఆ సేవ అండమాన్, నికోబార్‌కు అందలేదు. ప్రసారాలు మోసిన ఎన్ఎస్ఎస్-6 ఉపగ్రహం ఉన్నది 95 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది దాదాపు 93 డిగ్రీల మీద. అంటే ఉపగ్రహం ఇంచుమించు దీవుల నెత్తి మీదే ఉంది, దాని కిరణాన్ని మాత్రం ప్రధాన భూభాగం వైపు తిప్పారు. చిన్న డిష్‌కు సరిపడే కేయూ బ్యాండ్ సిగ్నల్‌ను బలంగా ఉంచాలంటే కిరణాన్ని ఇరుకు చేయాలి. ఇరుకు చేసినప్పుడు గీత బయట పడింది దీవులే. ఉపగ్రహానికి దూరం లెక్కలేదన్నది నిజమే. అంచు మాత్రం దానికీ ఉంటుంది, ఆ అంచు ఎక్కడ గీయాలో నిర్ణయించేది కింద ఉన్న మనుషులే.

ఆ ప్రారంభోత్సవం జరిగిన పదో రోజు, డిసెంబర్ 26న, సునామీ వచ్చింది. కార్ నికోబార్‌లో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. అప్పటికి హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు కాబట్టి టీవీ ఉన్నా ముందుగా చెప్పగలిగేది ఏమీ ఉండేది కాదు. 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. సారాభాయ్ టీవీతో పాటు వాతావరణాన్నీ ఉపగ్రహం పనుల్లో ముందు వరసలో పెట్టారు. ఇన్‌శాట్‌ను రెండు పనులకూ కలిపి కట్టడం ఆ ఆలోచన కొనసాగింపే.

దీవుల కోసం తర్వాత దూరదర్శన్ సీ బ్యాండ్‌లో విడిగా ఉచిత డీటీహెచ్ ఇచ్చింది. సీ బ్యాండ్ కిరణం విశాలం, డిష్ పెద్దది కావాలి. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోట దానికి ఇంకో సుగుణం ఉంది. కేయూ బ్యాండ్ సిగ్నల్‌ను జోరువాన మింగేస్తుంది, సీ బ్యాండ్ దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. డిజిటల్‌లో ఇది చిన్న విషయం కాదు. సిగ్నల్ ఒక హద్దు దాకా తగ్గినా బొమ్మ అద్దంలా ఉంటుంది, హద్దు దాటితే గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. చుక్కల మధ్య వార్తలు వినే అవకాశం ఇక లేదు.

ప్రధాన భూభాగంలో మార్పు దశలవారీగా సాగింది. 2013లో హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో, ఆ తర్వాత మిగతా ఊళ్లలో కేబుల్‌కు సెట్‌టాప్ బాక్స్ తప్పనిసరైంది. 2022 మార్చి నాటికి వ్యూహాత్మక ప్రాంతాల్లో యాభై దాకా ఉంచి, మిగతా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నిటినీ మూసేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. ఇన్‌శాట్-1బి వెనుక వెలిసిన ఆ టవర్ల కాలం అలా ముగిసింది.

ఈలోపు టీవీ అంటే అర్థమే మారింది. ఎవరికి కావలసింది వాళ్లు, కావలసినప్పుడు ఫోన్‌లో చూసుకోవడం అలవాటైంది. సారాభాయ్ లెక్క ఇక్కడ పనిచేయదు. ఒకే కార్యక్రమం కోటిమందికి పంపడంలో ఉపగ్రహాన్ని మించింది లేదు. కోటిమంది కోటి వేర్వేరు వీడియోలు అడిగితే అది చేతులెత్తేస్తుంది. ఇంటర్నెట్‌కు ఉపగ్రహం మీదే ఆధారపడిన దీవుల్లో ఒక వీడియో పూర్తిగా చూడటం చాలాకాలం పెద్ద పరీక్షలా ఉండేది. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేయడానికి పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగింది 2018లో. బోస్ జెండా ఎగరేసి 75 ఏళ్లయిన రోజది, డిసెంబర్ 30. సారాభాయ్ వర్ధంతి కూడా ఆ రోజేనని ఆ సందడిలో ఎందరికి గుర్తుందో.

2020 ఆగస్టు 10న కేబుల్ ప్రారంభమైంది. పోర్ట్ బ్లెయిర్, స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, హట్‌బే, కార్ నికోబార్, కమోర్టా, దక్షిణాన చివర క్యాంప్‌బెల్ బే. కేబుల్ ఒడ్డుకు చేరిన చోట్లు ఇవి. 2024లో శ్రీవిజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఇప్పుడు శ్రీకాకుళం పెళ్లిని ఫోన్‌లో ప్రత్యక్షంగా చూడవచ్చు. కచ్చల్, తెరెసా దీవుల పేర్లు ఆ జాబితాలో లేవు.